నొప్పి రహిత మండలం

నాగులచెలమ మండలంలో పశువులకు నొప్పులు అధికారికంగా పోయినది మార్చి పంతొమ్మిదో తేదీ మధ్యాహ్నం మూడున్నరకు. ఆ సంగతి జిల్లా కేంద్రానికి తెలిసింది, పేపర్లకు తెలిసింది, టీవీల వాళ్లకూ తెలిసింది. ఒక్క పశువులకే తెలియలేదు.

ఆ ఊరి పశువుల ఆసుపత్రి డాక్టరు సువార్తకు కూడా కాస్త ఆలస్యంగానే తెలిసింది. ఆ వేళకు ఆమె ఒక గేదె పక్కన గొంతుక్కూర్చుని, చీముపట్టిన చన్ను కడుగుతోంది. గేదె ఓపికపట్టినంత సేపు పట్టి, ఇక లాభం లేదని ఒక తన్ను తన్నింది.

"మేడం, ఇయ్యాళ్టి నుంచి మన మండలంలో పశువులకి నొప్పి లేదంట" అని అటెండరు కాశింపీరా సెల్‌ఫోన్లో వచ్చిన ఆర్డరు చదివి వినిపించాడు. పాతికేళ్ల సర్వీసులో అతను ఇంతకంటే విడ్డూరమైన ఆర్డర్లు చదివి ఉన్నాడు కాబట్టి గొంతులో ఏ మార్పూ లేదు.

"ఈ గేదెకి కూడా చదివి వినిపించు" అంది సువార్త మోచెయ్యి రుద్దుకుంటూ.

దీనంతటికీ మూలం ఒక సదస్సు. శాఖ కమిషనర్ గారు ఎక్కడో చల్లటి ఊళ్లో జరిగిన సదస్సుకు వెళ్లారు. పశువులకు కూడా నొప్పి ఉంటుందని అక్కడెవరో తెరమీద బొమ్మలు వేసి చూపించారట. ఆ ముక్క ఎద్దు వీపున చెయ్యేసిన ప్రతివాడికీ తెలుసు గాని, బొమ్మలు వేసి చూపిస్తే తప్ప శాఖలకు తెలియదు. కమిషనర్ గారు కదిలిపోయారు. తిరిగొచ్చిన మూడోరోజే 'మూగవేదన నిర్మూలన మిషన్' మొదలుపెట్టారు. ఏ మిషన్ అయినా సర్వేతోనే మొదలవుతుంది కాబట్టి సర్వేకి ఆదేశించారు.

పట్నం నుంచి పన్నెండుమంది సర్వేయర్లు దిగారు. ఇస్త్రీ చొక్కాలు, మెళ్లో కార్డులు, చేతిలో ట్యాబులు. ఇంటింటికీ వెళ్లి అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: 'మీ పశువుకు నొప్పి ఉన్నదా? ఉన్నది, లేదు.' వీటిలో ఒకదాన్ని వేలితో నొక్కాలి.

ఇక్కడే శాఖకు తెలియని సంగతి ఒకటుంది. ఆ ప్రాంతంలో రైతు తన పశువును పరాయివాడి ముందు చచ్చినా తక్కువచేసి మాట్లాడడు. సంతలో బేరం జరిగేటప్పుడు ధర కూడా నోటితో చెప్పరు, తుండుగుడ్డ కింద వేళ్లు పట్టుకుని తేల్చుకుంటారు. అలాంటిచోట ముక్కూమొహం తెలియనివాడు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి మీ గొడ్డుకేమైనా లోపముందా అని అడిగితే, వాడు దళారీ అయినా అయ్యుండాలి, దిష్టి పెట్టడానికి వచ్చినవాడైనా అయ్యుండాలి. రెండింటికీ జవాబు ఒకటే.

"నా గేదెకా? దానికేంది, గుండ్రాయి!"

మూడుకాళ్ల మీద నడిచే ఆవును "దాని నడకే అంత, సోకు" అన్నారు. ఒంటికన్ను దున్నను "ఒక కంటితోనే రెండు పొలాలు చూస్తది" అన్నారు. వారం తిరిగేసరికి ట్యాబుల్లో లెక్క తేలింది. మండలంలో పశువులు ఆరువేల నాలుగువందల పద్దెనిమిది. నొప్పి ఉన్నవి సున్నా.

జిల్లా కేంద్రంలో జాయింట్ డైరెక్టర్ పరాంకుశరావు గారు ఆ సున్నాను చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మిషన్ పెట్టి నెలన్నా కాలేదు, మందు ఒక్క చుక్క పంచలేదు, అప్పుడే ఒక మండలం మొత్తం నయమైపోయింది! ఆయన వెంటనే నాగులచెలమను దేశంలోనే తొలి నొప్పి రహిత మండలంగా ప్రకటించారు. ఊరి మొదట్లో ఆర్చి కట్టించారు. ఆర్చి మీద ఆవు నవ్వుతున్న బొమ్మ వేయించారు. మామూలుగా ఆవులు నవ్వవు గాని, ఆ ఆర్టిస్టుకు నవ్వే ముఖాలు తప్ప రావు.

ఆర్చితో ఆగితే బాగుండేది. సువార్త ఎప్పటిలాగే మూడు నెలలకు సరిపడా మందులు కోరుతూ కాగితం పంపింది. అందులో చర్మం, కండ తిమ్మిరెక్కించే లిగ్నోకెయిన్ ఇంజెక్షన్ ఉంది, నొప్పి మందులున్నాయి. కాగితం పదోరోజుకు తిరిగొచ్చింది. మీద ఎర్రసిరాతో ఇలా ఉంది:

'నొప్పి లేనిచోట నొప్పి నివారణ మందులు కోరుట మిషన్ విజయమును శంకించుటయే అగును. కావున తిరస్కరించడమైనది. మీ వద్ద మిగిలియున్న నిల్వలను నొప్పి విషయమున ఇంకను వెనుకబడియున్న మండలాల నిమిత్తం తక్షణమే అప్పగించవలెను.'

మర్నాడే జీపొచ్చి ఉన్న నాలుగు సీసాలూ పట్టుకుపోయింది. బయట కొనుక్కుందామంటే మందుల షాపుల వాళ్లకూ సర్క్యులర్ వెళ్లింది. నాగులచెలమ చిరునామాతో ఎవరైనా పశువుల మత్తుమందు అడిగితే ఇవ్వరాదు, పైపెచ్చు పేరు రాసి పంపాలి.

సరిగ్గా ఆ వారంలోనే మాల్యాద్రి తన ఎద్దును తోలుకొచ్చాడు.

మాల్యాద్రికి అరవై మూడేళ్లు. ఉన్నది రెండెకరాల మెట్ట, ఒక బండి, ఒక జత ఎడ్లు. కాడికి కుడివైపున కట్టే వలపటి ఎద్దు పేరు సింగడు. నిండు తెలుపు, ఎత్తైన మూపురం. ఆవేళ దాని కుడి కొమ్ముకు ఎర్ర జాకెట్టు గుడ్డ చుట్టి ఉంది, పైన కుచ్చులు కట్టి ఉన్నాయి.

"ఏంలేదు డాక్టరమ్మా. ఇట్టా పోతా పోతా మీకు చూపిచ్చి పోదామని" అన్నాడు మాల్యాద్రి. అతని ఊరు అక్కడికి ఏడు కిలోమీటర్లు, అతను ఎక్కడికీ పోతూ లేడు.

"ఆ గుడ్డెందుకు కట్టావు బాబాయ్?"

"అందానికి."

సువార్త గుడ్డ విప్పింది. వాసన గుప్పుమంది. కొమ్ము మొదట్లో మెత్తబడి ఒక పక్కకు వాలింది, పగిలిన చోట గోబీపువ్వులాగా కండ పెరిగింది. ఆ వైపు ముక్కులోంచి సన్నగా నెత్తురు కారుతోంది. కొమ్ముకు పుట్టే క్యాన్సర్. ఆమె వేలి కొసతో తాకింది. సింగడు తల విదల్చలేదు, రంకె వేయలేదు. నాలుగు కాళ్లూ నేలకు తొక్కిపట్టి నిలబడ్డాడు. కడుపు పక్కన చర్మం మాత్రం వణికింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"మొన్నామధ్య నుంచి" అన్నాడు మాల్యాద్రి. ఇంకొంచెం గట్టిగా చూస్తే "మూడు నెల్ల నుంచి" అన్నాడు.

కొమ్మును మొదలంటా కోసి తీసేయాలి. తీస్తే ఎద్దు బతుకుతుంది. రెండు మూడు వారాలు దాటితే జబ్బు పుర్రెలోకి దిగుతుంది, అప్పుడిక చేయడానికేమీ ఉండదు. కొయ్యడానికి సువార్త దగ్గర తీగరంపం ఉంది, దారం ఉంది, సూది ఉంది. తిమ్మిరెక్కించే మందు లేదు.

"మా నాయన కాలంలో కాళ్లు కట్టి పడేసి, అయిదుగురు మీద కూర్చుని కోసేవాళ్లు మేడం" అని గుర్తుచేశాడు కాశింపీరా.

సువార్తకు ఆ పద్ధతి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు, మందు లేని ఒక ఊళ్లో, ఒక కోడెదూడ కాలి మీద పుండును ఆమె అలాగే కోసింది. దూడ బతికింది. కాని ఆ తర్వాత అది ఎప్పుడు ఆమెను చూసినా కట్టుతాడు తెంపుకుపోయేది. ఇంకెప్పుడూ అలా కొయ్యనని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది. పదమూడేళ్లుగా ఆ ఒట్టు తప్పలేదు. ఇప్పుడు కూడా తప్పదలుచుకోలేదు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి జిల్లా కేంద్రానికి పోయింది. పరాంకుశరావు గారు సాదరంగా కూర్చోబెట్టారు, టీ తెప్పించారు. విషయం విన్నాక కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"మేడం, మీరు చెప్పేది నాకు అర్థమవుతోంది. కానీ ఆ మండలంలో నొప్పి లేదు గదా."

"ఎద్దుకి ఉంది సార్."

"ఎద్దు ఏ మండలం?"

"నాగులచెలమే."

"మరి?" అన్నారాయన ఎంతో మృదువుగా, చిన్నపిల్లకు కూడికలు చెబుతున్నట్టు. "ప్రకటన వెలువడిన పిదప ఏర్పడు నొప్పిని నూతన నొప్పిగా పరిగణించాలి. దానికి ఒక విధానం ఉంది. త్రిసభ్య సంఘం క్షేత్రస్థాయిలో పర్యటిస్తుంది. సదరు పశువు సంఘం ఎదుట తన నొప్పిని వ్యక్తపరచాలి. యజమాని ధ్రువీకరించాలి. అప్పుడు మందు విడుదల చేస్తాం."

"సార్, ఆవులూ ఎద్దులూ నొప్పిని బయటపెట్టవు. అది వాటి నైజం. అడవిలో బలహీనంగా కనపడిందాన్నే పులి పడుతుంది, అందుకని దాచుకుంటాయి."

"దాచుకోవడం అంటే శాఖకు సమాచారం ఇవ్వకపోవడం. సమాచారం లేనిచోట మనం 'లేదు' అని రాసుకుంటాం. అది మా నైజం" అని చిరునవ్వు నవ్వారు పరాంకుశరావు గారు. ఆయన చెడ్డవాడు కాదు. ముప్పై ఏళ్లుగా కాగితాన్ని నమ్మినవాడు, అంతే.

సంఘం వారానికి వచ్చింది. ఈలోపు సువార్త రెండు సాయంత్రాలు మాల్యాద్రిని కూర్చోబెట్టి పాఠం చెప్పింది. వాళ్లు అడుగుతారు, నువ్వు 'నొప్పి ఉందయ్యా' అనాలి. అంతకుమించి ఒక్క ముక్కా అక్కర్లేదు. మాల్యాద్రి బుద్ధిగా తల ఊపాడు. కాశింపీరా జాయింట్ డైరెక్టర్ గారిలాగా నడిచొచ్చి అడిగితే మూడుసార్లు సరిగ్గానే చెప్పాడు కూడా.

సంఘంలో ముగ్గురు. ఒకరు పరాంకుశరావు గారు. రెండోవారు గణాంక అధికారి, ఆయన ఎద్దును ఒకసారి చూసి 'ఒకటి' అని రాసుకున్నారు. మూడోవారు ముఖకవళికల నిపుణులు. ఆయన సంచిలోంచి ఒక పటం తీశారు. అది పిల్లల ఆసుపత్రిది. దాని మీద పదకొండు గుండ్రటి ముఖాలున్నాయి. సున్నా దగ్గర ముఖం నవ్వుతోంది, పది దగ్గర ముఖం భోరుమంటోంది. ఆయన పటాన్ని సింగడి మొహం పక్కన పెట్టి అటూ ఇటూ చాలాసేపు చూశారు.

"ఏడవడం లేదు" అన్నారు చివరికి.

"నవ్వడమూ లేదు గదా సార్. కనీసం రెండు వెయ్యండి" అంది సువార్త.

"పశువులకు అదే మామూలు ముఖం."

"కంట్లోంచి నీళ్లు కారుతున్నాయి చూడండి."

"అది స్రావం. కన్నీరు అనాలంటే భావం ఉండాలి" అని నిపుణులు పటం చుట్టేశారు.

అయినా యజమాని మాట మిగిలే ఉంది. పరాంకుశరావు గారు మాల్యాద్రి వైపు తిరిగారు. నేరుగా ప్రశ్న అడిగి ఉంటే ఏమయ్యేదో గాని, పెద్దమనిషి కాబట్టి ముందు మర్యాదకు నాలుగు మాటలు మాట్లాడాలనుకున్నారు. సింగడి మూపురం మీద చెయ్యేసి, "ఎద్దు జోరుగా ఉందే! ఏ సంతలో పట్టావు?" అన్నారు.

మాల్యాద్రి నడుం నిటారుగా లేచింది. రెండు రోజుల పాఠం గాలికి పోయింది.

"సంత యాడిదయ్యా, మా దొడ్లో పుట్టినోడే! ఏడో ఏట కూడా జోడు మూటల బండి ఒక్కడే లాగినాడు. ఒక్క లోపం చూపియ్యండి, ఒక్కటి!"

"నొప్పి గట్రా ఏమైనా...?"

"వాడికి నొప్పేందయ్యా!"

సంఘం సంతకాలు చేసి టీ తాగి వెళ్లిపోయింది.

జీపు మలుపు తిరిగింది. సువార్త ఒళ్లు మండిపోయి మాల్యాద్రిని నోటికొచ్చినట్టు తిట్టింది. ఒక్కమాట, ఒక్కమాట చెప్పలేకపోయావే, ఎద్దును చేతులారా చంపుకుంటున్నావే అంది. మాల్యాద్రి తలగుడ్డ విప్పి చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు.

"తప్పే డాక్టరమ్మా. నోరు రాలా. వాడు పక్కనే ఉండాడు గదా. పరాయోళ్ల ముందు వాణ్ణి పనికిరానోడంటే, వాడు వినడా? ఇన్నేళ్లు నాకు దున్నిపెట్టినాడు. రేపు ఆ మొహం పెట్టుకుని వాడికి మేతెట్టా ఏసేది?"

సువార్తకు ఇంక తిట్టబుద్ధి కాలేదు. ఆమె వెళ్లి సింగడి కొమ్ముకు కొత్త కట్టు కట్టింది. కుచ్చులు మళ్లీ ఎప్పటిలాగే పైన కట్టింది.

నాలుగు రోజుల తర్వాత పరాంకుశరావు గారే ఫోన్ చేశారు. గొంతు నిండా ఉత్సాహం. కమిషనర్ గారు స్వయంగా నాగులచెలమకు వస్తున్నారు, విజయోత్సవ సభ పెట్టాలి, కోలాటం ఉంది, పాఠశాల పిల్లల గీతం ఉంది, అయినా ఏదో వెలితిగా ఉంది, స్థానిక డాక్టరుగా మీరేమైనా సూచించగలరా అన్నారు.

సువార్త ఒక్క క్షణం ఆలోచించింది. ఆమె ఎన్నడూ అధికారుల భాష మాట్లాడిన మనిషి కాదు. కాని పదమూడేళ్లుగా చదువుతూనే ఉంది గదా, అవసరానికి నోటికొచ్చింది.

"సార్, నొప్పి రహిత మండలంలో నొప్పి రహిత శస్త్రచికిత్స ప్రత్యక్ష ప్రదర్శన ఏర్పాటు చేస్తే ఎలా ఉంటుందంటారు? వేదిక మీదే. ప్రజల సమక్షంలో."

అవతల కలం మూత తీసిన చప్పుడైంది. పరాంకుశరావు గారు రాసుకుంటూనే అన్నారు. "అద్భుతం మేడం. చరిత్రాత్మకం. కావలసిన సామగ్రి జాబితా ఇప్పుడే పంపండి."

ఆమె పంపింది. షామియానా ఒకటి, ఫ్లెక్సీలు ఆరు, శాలువాలు నాలుగు, జ్యోతి ప్రజ్వలనకు కుంది ఒకటి, నూనె, ఒత్తులు, లిగ్నోకెయిన్ సీసా ఒకటి, పూలదండలు పన్నెండు. మందుల కాగితం తిరస్కరించడానికి పది రోజులు పట్టిన ఆఫీసు ఈ జాబితాను గంటలో మంజూరు చేసింది. సాయంత్రానికి సీసా పూలదండలతో పాటే ఒకే బుట్టలో వచ్చింది.

సభ రోజున హైస్కూలు మైదానం నిండిపోయింది. వేదిక పక్కన కర్రలతో కట్టిన బోనులో సింగడిని నిలబెట్టారు. మాల్యాద్రి వాడికి స్నానం చేయించి, మెళ్లో గంటలు కట్టి తెచ్చాడు.

సూది వేశాక తిమ్మిరి ఎక్కడానికి పది నిమిషాలు పడుతుంది. ఎక్కిన తిమ్మిరి గంటకు పైగా నిలవదు. ముందే వేస్తే ఉపన్యాసాలే మందంతా తినేస్తాయి. సువార్త సిరంజి నింపుకుని పరాంకుశరావు గారి ప్రసంగం జాగ్రత్తగా వింటూ నిలబడింది. ఆయన "చివరగా ఒక్కమాట" అనగానే సింగడి కంటికీ కొమ్ముకూ మధ్య, చర్మం కింద నరం పోయేచోట సూది దించింది. చివరగా ఒక్కమాట అన్నాక ఆయన పదిహేను నిమిషాలు మాట్లాడతారని శాఖలో అందరికీ తెలుసు. ఆరోజూ అలాగే మాట్లాడారు.

ఆమె కొమ్ము మొదట్లో సూదికొసతో గుచ్చి చూసింది. సింగడి చర్మం వణకలేదు. చెవి విశ్రాంతిగా వేలాడింది. అటుపక్క కనురెప్ప బరువుగా వాలింది. మందు పట్టింది.

తీగరంపం ఆడింది.  కోలాటం వాళ్లు కర్రలు చంకలో పెట్టుకుని చూశారు. కాశింపీరా నెత్తురు అద్దుతున్నాడు, సువార్త రక్తనాళాలు ముడివేస్తోంది. సగం కోతలో సింగడు ఒక పని చేశాడు. కడుపులోంచి గడ్డి పైకి తెచ్చుకుని, నింపాదిగా నెమరువేయడం మొదలుపెట్టాడు. మూడు నెలలుగా వాడు సరిగా నెమరు వేయలేదని మాల్యాద్రికి తెలుసు. అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. సువార్తకు నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, చేతులకు తొడుగులున్నాయి కాబట్టి కళ్లు తుడుచుకోవడానికి లేకపోయింది. ఆమె సర్వీసులో అంత సంతోషం ఎన్నడూ కలగలేదు.

కొమ్ము ఊడి బేసిన్‌లో పడింది. చప్పట్లు మారుమోగాయి. కమిషనర్ గారు వేదిక దిగి వచ్చి, నెమరు వేస్తున్న ఎద్దును కళ్లార్పకుండా చూశారు. మైకు తెప్పించి మాల్యాద్రి చేతికిచ్చారు.

"చెప్పండి పెద్దాయనా. మీ ఎద్దుకు నొప్పి కలిగిందా?"

"లేదయ్యా!" అన్నాడు మాల్యాద్రి. ఈసారి అది పచ్చి నిజం. "ఒక్క రవ్వ కూడా లేదయ్యా!"

కమిషనర్ గారు సభవైపు చేతులు చాచారు.

"విన్నారా? కొమ్ము మొదలంటా కోసినా ఈ మండలపు ఎద్దు నెమరు వేస్తూనే ఉంది! మిషన్ ఏ స్థాయికి చేరిందో ఇంతకంటే రుజువు కావాలా? ఈ స్ఫూర్తితో జిల్లా మొత్తాన్ని నొప్పి రహితంగా ప్రకటిస్తున్నాను. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి జిల్లాలోని ఏ పశువైద్యశాలకూ మత్తుమందులు, నొప్పి మందులు పంపవలసిన అగత్యం లేదు!"

సువార్త పరుగులాంటి నడకతో పరాంకుశరావు గారి దగ్గరికి పోయింది. "సార్, అది ఇంజెక్షన్ వల్ల! మందు వేశాను కాబట్టే..."

"మేడం, అది వేదిక సామగ్రి" అన్నారాయన రహస్యంగా. "రికార్డులో అలాగే ఉంది. ఒత్తుల వల్ల సభ జయప్రదమైందని రాస్తామా?"

 ఒక్క ఎద్దును కాపాడబోయి ఆమె జిల్లాలోని గొడ్లన్నిటినీ తాళ్లకూ రంపాలకూ అప్పజెప్పింది. నెత్తుటి తొడుగులతోనే బోను కర్ర పట్టుకుని నిలబడిపోయింది.

మైకు ఇంకా మాల్యాద్రి చేతిలోనే ఉంది. అతను డాక్టరమ్మ మొహం చూశాడు. తను చెప్పిన మాటే ఎక్కడికో పోయి తగిలిందని మాత్రం అతనికి అర్థమైంది. సింగడి వైపు చూశాడు, గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, వాడి మాట నేను చెప్పను. వాడు నా ఎదురుగా ఉండాడు. నా మాట చెప్తా" అన్నాడు. "నాకు నొప్పి. మూడు నెల్ల నుంచి. వాడు మేత ముందు పెట్టుకుని గోడకి తల ఆనిచ్చి నిలబడితే నాకు కూడు దిగేది కాదు. కొమ్ము వాడిదే, నొప్పి మాత్రం నాదయ్యా. ఇయ్యాళ డాక్టరమ్మ సూదేసినాకే పోయింది. మందు నాకు కావాల. రాసుకోండి."

 వెనక వరసలోంచి ఒక ఆడమనిషి లేచింది. "నాకు కూడా ఉందయ్యా నొప్పి. మా బర్రె పొదుగులో." ఇంకొకతను లేచాడు. "నాకు గిట్టలో." "నాకు మెడమీద, కాడి కింద." గొడ్డును ఒక్కమాట అనకుండా నిజం చెప్పే దారి దొరికేసరికి, సర్వేలో గుండ్రాయి అన్నవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు లేచారు. గణాంక అధికారి వృత్తిధర్మం మానలేక లెక్కపెట్టారు. నూట నలభై మూడుమంది.

కమిషనర్ గారు పరాంకుశరావు గారి వైపు చూశారు. ముప్పై ఏళ్ల సర్వీసు ఊరికే పోదు. ఆయన అప్పటికప్పుడు చెప్పారు.

"సార్, మిషన్‌కు భంగం ఏమీ లేదు. పశువుల నొప్పి సున్నాయే. ఇవి మనుషుల నొప్పులు. మన శాఖ పరిధిలోకి రావు. తగు చర్య నిమిత్తం ఆరోగ్యశాఖకు బదిలీ చేద్దాం."

అందరూ తేలికపడ్డారు. కాగితం అక్కడే తయారైంది, జిల్లాలోని మిగతా మండలాలకూ అదే నమూనా అన్నారు. జాబితాలో పేరు, వయసు, నొప్పి ఉన్న చోటు రాశారు. 'కోరబడిన మందు' అనే గడి దగ్గర కలం ఆగింది. అక్కడ డాక్టరన్న మనిషి ఎవరున్నారని చూసి, ఆ గడి నింపమని సువార్తకిచ్చారు. సువార్త తొడుగులు విప్పి, గుండ్రటి అక్షరాలతో నింపింది.

ఆరోగ్యశాఖకు ఆ నెల పూర్తిచేయాల్సిన లక్ష్యాలేవో ఉన్నాయి. నొప్పి ఉందని తమంతట తాము రాసిచ్చిన మనుషులు నూట నలభై మూడుమంది ఒక్క మండలంలోనే దొరికితే వాళ్లు వదులుతారా? ఇరవై రోజుల్లో డబ్బా వచ్చింది. దాన్ని మోయించుకుని ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు విజయసారథి నేరుగా పశువుల ఆసుపత్రికి వచ్చాడు.

"ఏంటండీ ఇది? మీ ఊళ్లో మనుషులకు కొమ్ముల దగ్గరా పొదుగుల దగ్గరా నొప్పులంట. మందేమో లిగ్నోకెయిన్. నాకు సర్వీసులో ఇలాంటి రోగులు తగల్లేదు."

సువార్త అతన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూపించింది. బయట వేపచెట్ల కింద రోగులు పలుపుతాళ్లు పట్టుకుని వరసలో ఉన్నారు. విజయసారథి కాసేపు చూశాడు. సీసా తిప్పి చూశాడు. మందు అదే, మనిషికైనా ఎద్దుకైనా. అతను కుర్చీ బయట వేయించుకుని రిజిస్టరు తెరిచాడు.

మొదట వచ్చింది గురవమ్మ, చీలిన గిట్టతో ఉన్న ఆవును పట్టుకుని. నొప్పి ఎవరికమ్మా అని అడిగితే, అలవాటు కొద్దీ "మా ఆవుకేంది..." అని మొదలుపెట్టి సర్దుకుంది. "నాకేనయ్యా. వెనక ఎడం కాలు."

తర్వాత మాల్యాద్రి, కట్టు మార్పించుకోడానికి. గాయం ఆరుతోంది గాని, ఇవాళ కుట్లు విప్పేటప్పుడు సూది ఇంకొకటి పడాలి. సింగడు ఒంటికొమ్ముతో, మునుపటికంటే లావెక్కి, పక్కనే నిలబడి ఉన్నాడు.

"పేరు?"

"మాల్యాద్రి."

"నొప్పి ఎక్కడ?"

"కుడికొమ్ము" అన్నాడు మాల్యాద్రి. వరసలో ఎవరూ నవ్వలేదు. విజయసారథి రాసుకున్నాడు. మాల్యాద్రి సంతకం పెట్టి, ఎద్దు చెవిదగ్గర మొహం పెట్టి మెల్లగా ఏదో చెప్పాడు. సువార్త సిరంజి నింపింది.